తాడు పట్టినవాళ్ళది ఆఖరి చెక్క

నేను ఎవరినీ నమ్మను. ఇది గొప్ప కోసం చెప్తున్న మాట కాదు, బందరులో మా వీధి మొత్తానికీ తెలిసిన సంగతే. పాలవాడు పోసిన పాలు మళ్ళీ కొలుచుకుంటాను. బస్సు ఇప్పుడే బయల్దేరుతుందని కండక్టరు అంటే, డ్రైవరు సీట్లో ఉన్నాడో లేడో తొంగి చూసి గానీ ఎక్కను. "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా చైను వేసి కొలిచే ఉంటారు" అని మా ఆవిడ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్తుంది. ఉద్యోగమంతా భూముల సర్వేలో గడిచింది మరి. ఒకే గట్టు మీద నిలబడి, ఒకే తల్లి మీద ఒట్టేసి, ఇద్దరు అన్నదమ్ములు రెండు వేర్వేరు హద్దులు చూపించడం ఎన్నిసార్లు చూశానో. అందుకని మీలాగా సర్వేలో కొత్తగా చేరిన పిల్లలు వచ్చి సలహా అడిగితే, ముందు అనుమానించండి, తర్వాత కొలవండి అంటాను.

అలాంటి నాకంటే అనుమానం ఎక్కువున్న ఊరు ఒకటి తగిలింది. ఆ ఊరి సంగతి మీకు ఉపయోగపడుతుందో లేదో నాకు తెలీదు. చెప్పకపోతే మాత్రం నాకు నిద్ర పట్టేలా లేదు.

రిటైరవడానికి కొంచెం ముందు, డ్రోన్లు ఎగరేసి రీసర్వే చేస్తున్న రోజులు. నా డ్యూటీ గుడివాడ వైపు. అయితే మనుషులు చాలటం లేదని నన్ను దివిసీమ చివరికి తోలారు. మోపిదేవి దాటి కిందకి వెళ్తుంటే ముందు వరిచేలు, అరటితోటలు వస్తాయి. వాటి తర్వాత రొయ్యల చెరువులు, చెరువులు దాటితే సరుగుడు తోటలు. ఆ సరుగుళ్ళ వెనక, సముద్రం హోరు వినపడే దూరంలో, ఇసకమేట మీద చిన్న పల్లె. అక్కడ వేరుశనగ, రాగి, ఉలవ వేస్తారు, అదీ వాన పడితేనే.

మాది నందివాడ దగ్గర. కాలవకి నీళ్ళు వదిలారా లేదా అన్నదొక్కటే మాకు తెలిసిన వ్యవసాయం. నీళ్ళు రాకపోతే ఇంజనీరుని తిట్టుకుంటాం గానీ ఆకాశాన్ని తిట్టుకోవడం మాకు అలవాటు లేదు. కృష్ణ సముద్రంలో కలిసేచోట కూర్చుని మబ్బుల వంక చూసే రైతులుంటారంటే, వెళ్ళి చూసేదాకా నేను నమ్మలేదు.

వాళ్ళు అక్కడివాళ్ళు కాదు. వాళ్ళ తాతలు మెట్ట ప్రాంతం నుంచి వచ్చారు. వరసగా వానలు ఎగ్గొట్టి, బావులు ఎండిపోయి, పశువుల్ని తోలుకుని కృష్ణ వెంబడి కిందకి దిగారట. నీళ్ళున్నచోట బతుకుంటుందనుకున్నారు. తీరా వచ్చి చూస్తే నీళ్ళు పారే ప్రతి నేలచెక్కకీ ఒక ఆసామి ఉన్నాడు. మా బోటి కాలవ కిందివాళ్ళు కూలికి రమ్మన్నారు గానీ కౌలుకి కూడా నేల ఇవ్వలేదు. నడిచి నడిచి, సముద్రం అడ్డమొచ్చినచోట ఆగారు. అక్కడికి కాలవ నీళ్ళు ఎక్కవు, బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. ఎవరికీ అక్కర్లేని ఇసక అది. వాననీళ్ళతో సేద్యం చేయడం తెలిసినవాళ్ళు కాబట్టి వాళ్ళకి అదే చాలనిపించింది.

ఆ ఇసకలో లోతు లేని గుంటలు తవ్వుకుంటారు, దొరువులు అంటారు వాటిని. ఇంకిన వాననీరు అందులో తియ్యగా ఊరుతుంది. ఆ తీపి నీళ్ళు పైపైనే, కిందంతా ఉప్పు. ఆశపడి ఎక్కువ తోడితే ఉప్పు పైకొస్తుంది. అందుకని ఇంజను పెట్టరు, కుండతో ముంచి మొక్కకింత పోస్తారు. ఒకడు రహస్యంగా ఇంజను పెడతాడేమోనని మిగతా అందరూ చెవులు రిక్కించుకుని ఉంటారు. ఇది వాళ్ళే నాతో చెప్పారు.

ఇక వ్యవహారం ఏమిటంటే, పాత సర్వేలో ఆ ఇసకమేట అంతా ఒకటే నంబరు. లోపల ఎవరిది ఎక్కడో ఏ మ్యాపులోనూ గీత లేదు. కొత్త సర్వేలో ఎవరి చెక్క వాళ్ళు చూపించాలి, మేం కొలిచి రాయి పాతి పేరు రాస్తాం. ఎవరూ చూపించని నేల ప్రభుత్వానిది అయిపోతుంది. ప్రభుత్వానిదైతే అది ఎవరి చేతికి పోతుందో పక్కనున్న రొయ్యల చెరువులు చూస్తేనే తెలుస్తుంది. అంటే ఈ సర్వేలో తేడా వస్తే ఆ పల్లె ఉండదు.

నాకు తోడు అక్కడి విఆర్వో. ఆయనా ఆ ఊరికి కొత్తే. నా ఈడువాడే, పరిచయమైన పూటే "బావా" అని పిలవడం మొదలెట్టాడు. అంత తొందరగా బావా అనేవాళ్ళంటే నాకు గుమానమే. పైగా ఆయనకి ఊరికే ఫోన్లు వచ్చేవి, రాగానే దూరంగా సరుగుళ్ళలోకి వెళ్ళి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేవాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు పల్లెవాళ్ళు ఎంత మర్యాద చేశారో చెప్పలేను. దొరువు నీళ్ళిచ్చారు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టారు. ఎవరి చెక్కేదంటే తడుముకోకుండా చూపించారు. ఒకళ్ళ హద్దుతో ఇంకొకళ్ళకి పేచీ లేదు. నా సర్వీసులో అన్ని ఊళ్ళు కొలిచాను గానీ తగువు లేని ఊరు చూడలేదు. కొలతలు తీసి, రాళ్ళు పాతించి వస్తుంటే దారిలో విఆర్వోతో అన్నాను.

"ఇదేదో తేడాగా ఉందండి. హద్దు దగ్గర ఒక్కడూ గొంతు పెంచలేదు."

"మంచోళ్ళేమో బావా. ప్రపంచంలో అక్కడక్కడ ఉంటారంట" అన్నాడు ఆయన.

మళ్ళీ వారం వెళ్తే ఒక్క రాయి లేదు. రాళ్ళు పీకిన గుంటలు కూడా లేవు, ఇసక నున్నగా చదును చేసి ఉంది. అడిగితే అందరిదీ ఒకటే మాట, మాకేం తెలుసండి అని. ఇసక కదా, కూరుకుపోయి ఉంటాయని ఒకడు. సముద్రం లాక్కుపోయిందేమోనని ఇంకొకడు. సముద్రం లాక్కుపోయేట్టయితే ముందు నిన్ను లాక్కుపోవాలి కదయ్యా అన్నాను. నవ్వి మళ్ళీ వేరుశనక్కాయలు పెట్టారు.

నాకు మండిపోయింది. ప్రభుత్వం రాయి పీకి, పీకినవాడే పక్కన కూర్చుని కాయలు ఒలిచిపెడతాడా? అప్పటి నుంచీ నా బుర్రలో ఒకటే పని, ఎవరు పీకి ఉంటారని.

మొదటి అనుమానం చెరువుల ఆసామి మీద. సరుగుళ్ళకి ఇవతల ఉన్న రొయ్యల చెరువులన్నీ ఆయనవే. ఈ ఇసకమేటలో కాస్త నేల దొరికితే సముద్రపు నీళ్ళు నేరుగా తెచ్చుకోవచ్చని ఎప్పటి నుంచో కాచుకుని ఉన్నాడు. హద్దులు తేలకపోతే ఆయనకి పండగ. రెండో అనుమానం విఆర్వో మీద, ఆ ఫోన్ల వల్ల. మూడోది ఆ పల్లెలోనే ఒకావిడ మీద.

ఆవిడకి నలభై దాటి ఉంటాయి. భర్త జబ్బు చేసి పోతే చెక్క ఆవిడ చేతికొచ్చింది. మేం కొలిచిన వాటిలో అన్నింటికంటే పనికిమాలిన చెక్క అదే. నేల మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది, మొలిచిన నాలుగు మొక్కలూ పసుపెక్కి ఉన్నాయి. ఆ ఏడాదంతా ఆవిడ పొద్దున్నే బస్సెక్కి మోపిదేవి వెళ్ళి గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్ముకుంటూ బతుకుతోంది. ఇలాంటి నేలకి హద్దు పాతి, ఇదే నీది అంటే ఎవరికి కడుపు మండదు? రాయి పీకే అవసరం ఆవిడకి ఉన్నంతగా ఇంకెవరికీ లేదు.

మోపిదేవిలోనే పట్టుకుని అడిగాను. కొబ్బరికాయ పీచు లాగుతూ తలెత్తకుండా చెప్పింది.

"నేను పీకలేదండి. పీకాలనైతే ఉంది."

"మరి ఎవరు పీకారు?"

"చూళ్ళేదండి. చూసినా మీకెందుకు చెప్తాను? మీరు ఎవరి మనిషో నాకేం తెలుసు? చెరువులాయన జీపులో వచ్చారు గదా మీరు మొదటి రోజు."

నిజమే. ఆఫీసు జీపు చెడిపోతే విఆర్వో ఎవరినో అడిగి బండి తెప్పించాడు. అది చెరువుల ఆసామిదని నాకు అప్పటిదాకా తెలీదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పాపమూ ఎరగని నేను ఆవిడ ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆవిడ అంతా విని, "కాయ తీసుకోండి, స్వామికి కొట్టండి" అంది. నమ్మినట్టు మాత్రం కనపడలేదు.

బయటికొచ్చాక విఆర్వోని నిలదీశాను. బండి సంగతీ, ఫోన్ల సంగతీ రెండూ అడిగాను. బండి మోపిదేవిలో అద్దెకి దొరికిందే గానీ ఎవరిదో తానూ కనుక్కోలేదన్నాడు. ఇక ఆ ఫోన్లు చేసేది గుడివాడలో హోమియో డాక్టరట. మొలల మందు వాడుతున్నాడు, ఆ వివరాలు నలుగురిలో ఎలా చెప్తాడు? నేను మందుచీటీ చూపించమన్నాను. చూపించాడు. "నీతో కాపురం చేసే మా అక్కయ్యకి దండం పెట్టాలి బావా" అన్నాడు.

మళ్ళీ రాళ్ళు తెప్పించి పాతించాం. ఈసారి వెళ్ళిపోయినట్టే వెళ్ళి, మర్నాడు పొద్దు పొడిచేసరికి విఆర్వో నేనూ సరుగుళ్ళ చాటున కూర్చున్నాం. దొంగ నక్కి నక్కి వస్తాడనుకున్నాను. అదేం లేదు. ఎండ ఎక్కాక, తలకి తువ్వాలు చుట్టుకుని, భుజాన గునపంతో, దర్జాగా నడిచొచ్చాడు ఆ పల్లె పెద్దాయన. అన్నింటికంటే మంచి చెక్క ఆయనదే, వేరుశనగ ఏపుగా ఎదిగి, పక్కనే తీపి దొరువు ఉన్నది. తన చెక్క మూలనున్న రాయి దగ్గర కూర్చుని మొదలు తవ్వడం మొదలెట్టాడు.

నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "ఏం పెద్దాయనా, రాయి పీకుతున్నావేంటి?"

"పీకుతున్నానండి" అన్నాడు తలెత్తి. "బరువుగా ఉంది, ఒక చెయ్యేయండి."

తేలు కుట్టిన దొంగలా ఉండాల్సిన మనిషి నాకే పని చెప్పాడు. విఆర్వో నిజంగానే వంగి చెయ్యేయబోయాడు, నేను కసిరాను. మొదటి విడత రాళ్ళేమయ్యాయని అడిగితే దొరువు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. నీళ్ళలోకి దిగడానికి మెట్లుగా పేర్చి ఉన్నాయి. "గవర్నమెంటు రాయి గట్టిదండి. ఆడోళ్ళకి కాలు జారట్లేదు" అన్నాడు.

"మంచి చెక్క నీది. హద్దు పడితే లాభం నీకు. మరి నువ్వెందుకు పీకడం? చెరువుల ఆసామి ఏమన్నా చెప్పాడా?"

ఆయన దొరువు గట్టున కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు.

"మీరు కాలవ కింద పుట్టినోరండి. మీ నేల ఒకచోట కదలకుండా పడుంటది. మా నేలలో ఉప్పు తిరుగుద్దండి. నిరుడు ఇక్కడుంటే ఈ ఏడు అక్కడ తేలుద్ది. తొలకరి పడి, మళ్ళీ ఎండ కాశాకే ఎక్కడ తెల్లబడిందో కనపడుద్ది. అప్పుడు అందరం కలిసి తాడేసి చెక్కలు కోసుకుంటాం. ఏటా కొత్తగానే."

అలా తాడు వేయడం వాళ్ళ తాతలు మెట్టలోనే నేర్చుకున్నారట. అక్కడ వాన పడితే ఎద్దు కొమ్ము ఒకటి తడిసి ఇంకొకటి పొడిగా ఉండేదట. ఒకే చెక్క పట్టుకు కూర్చున్నవాడు ఏదో ఒక ఏడు ఊరొదిలి పోవాల్సిందే. అందుకని నేలని ఊరందరిదీ చేసి, ఏటేటా పంచుకునేవాళ్ళు. పంచడానికి తాడు పట్టిన మనిషి ఆఖర్న మిగిలిన చెక్క తీసుకోవాలి. ఆఖర్న తీసుకున్నవాళ్ళు మరుసటి ఏడు అందరికంటే ముందు ఎంచుకుంటారు. మిగతావాళ్ళు తలా ఒక మెట్టు వెనక్కి జరుగుతారు. జరిగి జరిగి ఎప్పటికో తాడు చేతికొస్తుంది. ఎంత సమానంగా కోసినా ఉప్పు చెక్క ఒకటి ఉండనే ఉంటుంది, అది ఆఖరివాళ్ళ మొహాన పడుతుంది.

"అంత ధర్మాత్ములా మీరంతా" అన్నాడు విఆర్వో, ముచ్చటపడిపోయి.

"ధర్మం ఎక్కడిదండి. ఒకళ్ళంటే ఒకళ్ళకి నమ్మకం లేకే గదా. తాడు పట్టినోడిని ముందు ఎంచుకోనిస్తే తన వైపు బారెడు ఎక్కువ కోసుకోడూ? నేనైనా కోసుకుంటాను."

నాకు ఆ పెద్దాయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. అయినా నా ప్రశ్న నాకుంది, మంచి చెక్క శాశ్వతంగా ఇస్తామంటే ఎందుకు కాదంటున్నాడని.

"ఈ ఏడు ఉప్పు చెక్క ఆ అమ్మాయిది గదండి. మీరు దాన్నే ఆ అమ్మాయికి రాసిచ్చేస్తే ఎన్నాళ్ళని మోస్తది? చెరువోడికి ఇచ్చేస్తది. తప్పు లేదు, ఆ చోట నేనున్నా ఇచ్చేస్తాను. అక్కడ ఉప్పునీళ్ళు పెట్టి చెరువు కట్టాడంటే ఈ దొరువు ఉప్పు తిరిగిపోద్ది. అప్పుడు ఈ మంచి చెక్క నాకుండి ఏం చేసుకోను?"

"ఈ మాట మొదట్లోనే చెప్పి ఏడవచ్చుగా."

"చెప్తే మీరు రాసుకుంటారు. రాసుకున్నది ఎవరికి చూపిస్తారో మాకేం తెలుసండి?"

అంతా అయ్యాక చూస్తే సమస్యకి మందు చాలా సులువు. అందరి పేర్లూ కలిపి ఉమ్మడి పట్టా ఇస్తే సరి. నేల మొత్తానికి ఒకటే హద్దు, లోపల వాళ్ళ తాడు వాళ్ళిష్టం. అందరూ సంతకాలు పెడితే తప్ప ముక్క విడగొట్టి ఎవరికీ ఇవ్వడానికి ఉండదు. పెద్దాయన సరేనన్నాడు. ఫోన్లో పై అధికారికి చెప్తే ఆయన ఎగిరిపడ్డాడు.

"మిగతా ఊళ్ళల్లో ఉమ్మడి పెట్టారని జనం కొట్టుకు చస్తున్నారు. అవి విడగొట్టలేక నా ప్రాణం పోతోంది. మీరు కొత్తగా ఉమ్మడి పెడతానంటారేంటండీ? అక్కడ మీకెవరన్నా చుట్టాలున్నారా?"

ఊళ్ళో ఒక్కరు కాదన్నా విడి పట్టాలే ఇచ్చేయమని, ముందు సంతకాలు తెచ్చి చూపించమని గడువు పెట్టాడు. సంతకాలు ఎంత సేపనుకున్నాను. అందరూ పెట్టడానికి వచ్చారు, ఆవిడ తప్ప.

పెద్దాయనా నేనూ ఆవిడ ఇంటికి వెళ్ళాం. ఆవిడ అరుగు మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, సూటిగా చెప్పింది.

"నిరుడు తాడు పట్టుకున్నాను, ఏడాదంతా ఉప్పులో కూర్చున్నాను. ఇప్పుడు వాన పడితే మొదట ఎంచుకునేది నేను. సంతకాలయ్యాక, కాయితం వచ్చేసింది గదా, ఇక తాడెందుకు, ఎవరున్నచోట వాళ్ళు దున్నుకుందాం అంటే నేనెవరికి చెప్పుకోవాలండి? ముందు తాడు వేయండి. నా చెక్క నేను ఎంచుకుంటాను. అప్పుడు చూద్దాం."

"అట్టా అంటామా అమ్మా?" అన్నాడు పెద్దాయన నొచ్చుకుని.

"అనరని ఎవరు చెప్పారు మావయ్యా?"

ఆవిడ చోట నేనుంటే అంతకు తక్కువ మాట్లాడి ఉండేవాణ్ణి కాదు. పోనీ ఇప్పుడే తాడు వేయండి అంటే పెద్దాయన ఒప్పుకోడు. తొలకరి పడకుండా ఉప్పు ఎక్కడుందో కనపడదు, గుడ్డిగా కోస్తే పాపమంటాడు.

అంతా వాన మీదికొచ్చింది. ఆ ఏడు వాన మా అందరినీ ఏడిపించింది. మృగశిర వచ్చి వెళ్ళింది, చినుకు లేదు. అటు పెద్ద కాలవలకి నీళ్ళు వదిలారు, మా నందివాడ వైపు నారుమళ్ళు కూడా పోశారు. ఇక్కడ మాత్రం ఇసక కాలుతోంది. నేను జీవితంలో మొదటిసారి మబ్బు కోసం మెడ ఎత్తి చూశాను. పై అధికారి రోజూ ఫోను. మంచి చెక్కలు చేతికి అందినవాళ్ళలో కూడా గుసగుస మొదలైంది, వాన పడకపోతే ఈ చెక్కలే ఖాయమవుతాయట కదా అని. వాళ్ళ మొహాల్లో కనపడీ కనపడని సంతోషం నేను చూశాను. ఆవిడా చూసింది. మోపిదేవి వెళ్ళడం మానేసి పల్లెలోనే కూర్చుంది, తను లేనప్పుడు ఏం చేస్తారోనని.

ఇక గడువు దాటుతుందనగా నేను పైకి రిపోర్టు రాశాను. పాతిన సరిహద్దు రాళ్ళు కనపడుట లేదు, మళ్ళీ కొత్త రాళ్ళు వచ్చేవరకు పని ముందుకు సాగదు అని. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, రెండో విడత రాళ్ళు కూడా అప్పటికి దొరువు మెట్లలో చేరిపోయాయి.

"రాళ్ళు ఎవరు తీశారో రాశావా బావా?" అని అడిగాడు విఆర్వో.

"విచారణ జరుగుతున్నదని రాశాను."

"దొరువు మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతూ విచారణ చేస్తున్నామని కూడా రాయాల్సింది" అన్నాడు.

రాళ్ళు వచ్చేలోపు వాన వచ్చింది. ఒక పూటంతా దంచికొట్టి వెలిసింది. ఎండ కాశాక చూస్తే నేల మీద అక్కడక్కడ పిండి జల్లినట్టు తెల్లగా తేలింది. ఆవిడ పాత చెక్కలో ఉప్పు సగానికి సగం కడుక్కుపోయి, అది ఊరి రెండో చివర బయటపడింది. ఈ ఏడు తాడు వంతు బందరుకి ఆటో తోలే అతనిది. అతను తాడు పట్టుకుని నడుస్తుంటే ఊరంతా వెనకే నడిచింది. అతని చేతుల వంక ఎవరూ చూడలేదు, అందరూ పాదాల వంకే చూశారు, అడుగు పెద్దది వేస్తున్నాడా చిన్నది వేస్తున్నాడా అని. పాపం, చెమటలు కక్కుకుంటూ, ప్రతి చెక్క దగ్గరా "సరేనా, చూసుకోండి, తర్వాత అనద్దు" అంటూ కోశాడు. ఉపగ్రహంతో కొలిచే రోవరు మిషను నా దగ్గరుంటే దానితో చాటుగా సరిచూశాను. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

మొదట ఎంచుకునేది ఆవిడ. చెప్పులు విడిచి, ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. వంగి మట్టి తీసి నాలిక మీద వేసుకుంది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఎవరూ తొందర పెట్టలేదు, అది ఆవిడ హక్కు. ఆఖరికి తీపి దొరువు పక్కనున్న చెక్కలో, నిరుడు పెద్దాయన వేరుశనగ వేసినచోట, వెళ్ళి నిలబడింది. పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తన రెండో వంతు ఎంచుకోవడానికి కదిలాడు.

సంతకాల సభ గ్రామ సచివాలయం వరండాలో పెట్టారు. పై అధికారి స్వయంగా వచ్చాడు. ఆ పొద్దున నేను పల్లె మీదుగా వస్తుంటే చెరువుల ఆసామి మోటారు సైకిలు ఆవిడ ఇంటి ముందు ఆగి ఉంది. లెక్క తిరగబడిందని అప్పటికి గానీ నాకు వెలగలేదు. నిన్నటిదాకా ఆవిడకి ఉప్పు చెక్క. ఇప్పుడు ఊళ్ళోకెల్లా మంచి చెక్క ఆవిడది. విడి పట్టా కావాలని ఒక్క మాటంటే, పై అధికారి సంతోషంగా కొలిపించి ఇచ్చేస్తాడు. తీపి దొరువు శాశ్వతంగా ఆవిడదవుతుంది. ఇన్నాళ్ళూ వాన కోసం పట్టుబట్టింది ఇందుకేనా అనుకున్నాను. నా ఉద్యోగం నాకు నేర్పిన బుద్ధి అలా ఉంటుంది మరి.

పల్లె మొత్తం వరండాలో కూర్చుంది. అధికారి మొదట్లోనే చెప్పాడు. "ఎవరికైనా విడిగా కావాలంటే ధైర్యంగా చెప్పండి. ఎవరూ బలవంతం చేయరు. ఒక్కళ్ళు అడిగినా విడిగానే కొలిచి ఇచ్చేస్తాం." చెప్తూ నా వంక చూశాడు.

ఎంచుకున్న వరసలోనే పిలిచారు కాబట్టి మొదటి పేరు ఆవిడదే. ఆవిడ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. కలం తీసుకోలేదు. పెద్దాయన నేల చూపులు చూస్తున్నాడు.

"పొద్దున చెరువులాయన వచ్చాడండి. సారు చూశారు గూడా" అంది నన్ను చూపిస్తూ. "విడి పట్టా తీసుకో, మిగతాది నేను చూసుకుంటానన్నాడు. అందుకని రెండు మాటలు అడగాలి. ఉమ్మడి అయితే, ఒక్కళ్ళు కాదన్నా నేల బయటోళ్ళకి ఇవ్వటం కుదరదు గదండి?"

"కుదరదు" అన్నాడు అధికారి.

"ఆ ఒక్కళ్ళూ నేనే అవ్వచ్చా?"

"ఎవరైనా అవ్వచ్చమ్మా."

ఆవిడ కలం అందుకుని, కూడబలుక్కుంటూ, పేరంతా రాసింది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. "మమ్మల్ని నమ్మావు, అంతే చాలు తల్లీ" అన్నాడు.

"నమ్మటం ఏంటి మావయ్యా" అంది ఆవిడ, విసుగ్గా. "విడిగా పోతే మీరు వెనకేం చేస్తున్నారో నాకెట్టా తెలుస్తది? కనిపెట్టుకుని ఉండాలంటే మీలోనే ఉండాలి."

ఎవరూ నొచ్చుకోలేదు. పైగా రెండు మూడు తలలు అవునన్నట్టు ఊగాయి. ఆవిడ వెళ్ళి తన చోట కూర్చోలేదు. బల్ల పక్కనే నిలబడి, ఒక్కొక్కళ్ళూ వచ్చి సంతకం పెడుతుంటే వంగి వంగి చూసింది. పెద్దాయన పెట్టాడు, ఆటో అతను పెట్టాడు, అందరూ పెట్టారు. అధికారి కాగితాలు మడవబోతుంటే ఆపింది.

"సారు పెట్టలేదుగా" అంది.

నేను తర్వాత ఆఫీసులో పెడతానన్నాను. అది మామూలు పద్ధతే.

"ఇక్కడే పెట్టండి, నేను చూస్తుండగా."

పెట్టాను. ఆవిడ కాగితం వెలుతురుకి పట్టుకుని నా సంతకం వంక చాలాసేపు చూసింది. తర్వాత నా మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు చేత్తో పట్టుకుని, పేరు చదివి, ఆ పేరూ ఈ సంతకమూ ఒకటేనని నిర్ధారించుకుని, అప్పుడు వదిలింది.